సెంటెంత? గజమెంత? ఇల్లెంత?

సైటు చూపించేటప్పుడు చెప్పే లెక్క ఒకటి. కాగితంలో రాసే లెక్క ఇంకొకటి. గృహప్రవేశం నాడు చాపలు పరిచేచోట మిగిలేది మరొకటి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరంలో తొలి ఇల్లు కొనబోయేవాళ్లు తెలుసుకోవాల్సిన కొలతల కథ ఇది.

హిందూపురం మార్కెట్లో చింతపండు కొనేవాళ్లను చూడాలి. పైన కనిపించేది కాదని అడుగు నుంచి గుప్పెడు తీస్తారు. గింజ ఉందా, ఈనె ఉందా, తేమ ఉందా అని నలిపి చూస్తారు. కాటా నిలబడేదాకా కళ్లు తిప్పరు. వంద గ్రాములు తేడా అనిపించినా 'మళ్లీ తూచన్నా' అంటారు. అదే మనుషులు సైటు కొనేటప్పుడు మాత్రం... బండి దిగి, నాలుగు మూలలా పాతిన రాళ్లను ఒకసారి చూసి, తూర్పు ఎటో అడిగి, 'బాగుంది' అని అడ్వాన్సు ఇచ్చేస్తారు!

చింతపండు ప్రతి ఏడాదీ కొంటాం. ఇల్లు చాలామంది జీవితంలో ఒక్కసారే కొంటారు. దానికోసం బ్యాంకులో పదిహేనేళ్లో ఇరవయ్యేళ్లో కంతులు కడతారు. అయినా వాస్తు అడిగినంత శ్రద్ధగా కొలత అడగరు. అడిగినా ఏ కొలతలో అడగాలో తెలియదు. అది వాళ్ల తప్పు కూడా కాదు. ఈ మూడు ఊళ్ల చుట్టుపక్కల భూమిని కనీసం నాలుగు భాషల్లో కొలుస్తారు మరి.

'అనుకోండి' ఖరీదెంత?

హిందూపురంలో సైటు మాట్లాడుతుంటే సగం బెంగళూరులో ఉన్నట్టే ఉంటుంది. వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ నగరం నుంచి బట్టలూ బేకరీలతోపాటు సైటు కొలతలు కూడా వచ్చేశాయి. ట్వంటీ థర్టీ, థర్టీ ఫార్టీ, థర్టీ ఫిఫ్టీ. అన్నీ అడుగులే. బేరం దగ్గరికి వచ్చేసరికి అదే స్థలం సెంట్లలోకి మారుతుంది. రిజిస్ట్రేషన్ కాగితంలో చదరపు గజాలూ చదరపు మీటర్లూ వచ్చి కూర్చుంటాయి. ఇలా మారిన ప్రతిసారీ ఎక్కడో కాస్త అంచు అరుగుతుంది.

కొత్తగా పెళ్లయిన జంట ఒకటి సైటు చూడటానికి వెళ్లిందనుకుందాం.

"అన్నా, ఇదెంత ఉంటుంది?"

"థర్టీ ఫార్టీ సార్. మూడు సెంట్లు అనుకోండి."

వినడానికి ఏ తప్పూ లేదు. చూపించే మనిషి అబద్ధం ఆడాడనీ అనలేం. అందరూ అలాగే అంటారు. కానీ లెక్క వేస్తే... ముప్పైని నలభైతో గుణిస్తే 1200 చదరపు అడుగులు. సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. మూడు సెంట్లయితే 1306.8. తేడా 106.8 చదరపు అడుగులు. అంటే పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గది కన్నా కాస్త ఎక్కువే. గజాల్లో చెబితే దాదాపు పన్నెండు. గజం పదివేలు అనుకుంటే ఆ 'అనుకోండి' అన్న మాట ఖరీదు లక్షా పద్దెనిమిది వేల పైమాటే!

ధర సెంటుకు ఇంత అని మాట్లాడుకున్నప్పుడు 30 x 40 సైటుకు కట్టాల్సింది 2.75 సెంట్లకు. మూడింటికి కాదు. ఇక్కడ చిన్న మెలిక ఉంది. అమ్మేవాళ్లు కొందరు 'సైటు మొత్తానికి ఇంత' అని గంపగుత్తగా చెబుతారు. అది మోసమేమీ కాదు. కాకపోతే అలా చెప్పినప్పుడు పక్క లేఅవుట్లో సెంటు ధరతో పోల్చుకోవడానికి మన దగ్గర లెక్క ఉండాలి.

అందుకు పెద్ద పుస్తకాలేం అక్కర్లేదు. చదరపు గజమంటే 9 చదరపు అడుగులు. సెంటంటే 48.4 గజాలు. ఎకరా అంటే వంద సెంట్లు, 4840 గజాలు. చదరపు మీటరంటే 10.76 చదరపు అడుగులు, అంటే గజం కన్నా దాదాపు అయిదో వంతు పెద్దది. ఈ చివరిదాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కాగితంలో 111 చదరపు మీటర్లని ఉంటే 'నూట పదకొండేనా, నూటముప్పై మూడు గజాలన్నారే' అని కంగారు పడేవాళ్లూ ఉన్నారు. రెండూ ఒకటే. అదే 30 x 40 సైటు. తిరగేసి చదివితే మాత్రం చిక్కే. 111 గజాలని రాసి ఉన్నదాన్ని మీటర్లనుకుంటే రెండు సెంట్ల ముప్పైకి కాస్త తక్కువున్న స్థలాన్ని రెండుంముప్పావు సెంట్లని నమ్మినట్టు!

గొలుసు లాగిన దొరలు

అసలీ 48.4 అనే వంకర అంకె ఎక్కణ్నుంచి వచ్చింది? యాభై గజాలని పెట్టేస్తే పోయేది కదా! దీనికి కారణం ఇంగ్లండులో ఉంది. ఎడ్మండ్ గంటర్ అనే గణిత పండితుడు పదిహేడో శతాబ్దంలో ఒక కొలత గొలుసు తయారుచేశాడు. పొడవు 66 అడుగులు. అందులో వంద లింకులు. ఒక్కో లింకు 7.92 అంగుళాలు. ఆ గొలుసు పది చదరాలయితే ఒక ఎకరా. ఎకరాలో నూరో వంతు సెంటు. లింకుల్లో చూస్తే సెంటు ఎంతో నున్నని అంకె. సరిగ్గా వెయ్యి చదరపు లింకులు! అడుగుల్లోకి, గజాల్లోకి మార్చినప్పుడే వంకర పోతుంది. సర్వే ఆఫీసులో పాత ఎఫ్ఎంబీ పటం ఎప్పుడైనా చూస్తే గీతల పక్కన రాసిన అంకెల్ని అడుగులనుకుని బెంబేలెత్తకండి. పాతవాటిలో అవి చాలావరకు లింకులే.

ఈ ప్రాంతానికి దానికన్నా ముందే ఇంకో గొలుసు వచ్చింది. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో, రైతుల వారీగా శిస్తు వేయడానికి భూములన్నీ కొలిపించాడు. ఆయన మనుషులు పట్టుకు తిరిగింది 33 అడుగుల గొలుసు. అది అటొకసారి, ఇటొకసారి పరిస్తే వచ్చే చదరం 1089 చదరపు అడుగులు. నలభై చదరాలయితే ఎకరా. ఆ చదరమే గుంట. సెంట్లలో చెబితే సరిగ్గా రెండున్నర.

గుంట మన దగ్గర మాటల్లోంచి చాలావరకు వెళ్లిపోయింది. గీత దాటితే మాత్రం భూమి లెక్కంతా గుంటల్లోనే! హిందూపురం నుంచి గౌరిబిదనూరు వైపు వెళ్లినా, మడకశిర దాటి పావగడ, మధుగిరి వైపు వెళ్లినా కర్ణాటక. అటువైపు చుట్టాలుంటారు, పొలాలుంటాయి, సైటు బేరాలూ ఉంటాయి. అక్కడి పహాణీలో 1-20 అని ఉంటే ఎకరా ఇరవై గుంటలని అర్థం, అంటే ఎకరన్నర. ఇటువైపు పాసుపుస్తకంలో 1.20 అని ఉంటే ఎకరా ఇరవై సెంట్లు. మధ్యలో ఉన్నది గీతా, చుక్కా అన్నదాన్ని బట్టి ముప్పై సెంట్ల తేడా. హిందూపురం చుట్టుపక్కల బేరాలాడేవాళ్లకు ఇది కొత్త కాదు. బయటి ఊరి నుంచి ఉద్యోగానికి వచ్చినవాళ్లకే చెప్పేవాళ్లుండరు.

కొరియా వాళ్ల అంకణం

బయటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు పెనుకొండలో ఎక్కువే. తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికి మార్చుకున్నారు. ఆ తర్వాత నాలుగు వందల యాభై ఏళ్లకు మళ్లీ అంతటి సందడి తెచ్చింది కార్ల ఫ్యాక్టరీయే. 2017 ఏప్రిల్‌లో కియా ఒప్పందం కుదిరింది. ఎర్రమంచి దగ్గర 536 ఎకరాల్లో కర్మాగారం లేచింది. 2019 డిసెంబరు 5న లాంఛనంగా ప్రారంభమైంది. 44వ నంబరు జాతీయ రహదారి పక్కన లేఅవుట్ల జెండాలూ రంగురంగుల ఆర్చీలూ లేచాయి. ఫ్యాక్టరీకి ఎన్ని నిమిషాల దూరమో ప్రతి బోర్డుకూ తెలుసు. సైటు మూలలు సమకోణంలో ఉన్నాయో లేదో మాత్రం ఏ బోర్డూ చెప్పదు.

అన్నట్టు, ఆ కొరియా వాళ్ల దేశంలోనూ ఇదే గొడవ! అక్కడ ఇళ్లను తరతరాలుగా 'ప్యోంగ్' అనే కొలతలో చెప్పుకుంటారు. ఒక ప్యోంగ్ దాదాపు 3.3 చదరపు మీటర్లు. చదరపు మీటర్లలోనే చెప్పాలని ప్రభుత్వం 2007 జులై నుంచి గట్టిగా పట్టుబట్టింది. ప్రకటనల్లో పాత కొలత వాడితే జరిమానా అంది. కాగితాలు మారాయి గానీ జనం నోట్లో ప్యోంగ్ అలాగే ఉంది. తమాషా ఏమిటంటే ఆ ప్యోంగ్ మన అడుగుల్లో 35.58 చదరపు అడుగులు. తిరుపతి వైపు స్థలాలు కొలిచే అంకణం 36 చదరపు అడుగులు. ఆరడుగులకు ఆరడుగులు. ఎక్కడి సియోలు, ఎక్కడి తిరుపతి!

అంకణమూ అన్నిచోట్లా ఒకటి కాదు. నెల్లూరులో 72 చదరపు అడుగులు. సీమలోని పాత మిద్దె ఇళ్లలో అసలు అది కొలతే కాదు, దూలానికీ దూలానికీ మధ్య ఉండే ఖాళీ. 'నాలుగంకణాల ఇల్లు' అంటే ఎన్ని అడుగులో ఎవరూ చెప్పలేరు. ఇల్లు చూస్తే తెలుస్తుంది. కాబట్టి పెనుకొండ పాత వీధుల్లో మిద్దె కొనేవాళ్లు అంకణాల మాట విని సరిపెట్టుకోకుండా టేపు పట్టుకోవడం మంచిది.

యాభై రావాలి

టేపంటే గుర్తొచ్చింది. 30 x 40 సైటులో నాలుగు పక్కలూ కొలిచి ముప్పై, నలభై, ముప్పై, నలభై వచ్చాయని సంతోషపడి వచ్చేస్తే పని సగమే అయినట్టు. ఒక మూల నుంచి ఎదుటి మూలకు కూడా కొలవాలి. అది సరిగ్గా యాభై అడుగులు రావాలి. రెండో మూల నుంచీ అంతే రావాలి. మూడు, నాలుగు, అయిదు లెక్క మేస్త్రీలకు కొత్తేమీ కాదు. ముగ్గు పోసేటప్పుడు మూలమట్టం చూసుకునేది దాంతోనే. సైటు కొనేవాళ్లు మాత్రం మేస్త్రీని తీసుకెళ్లేది కొన్నాక!

యాభైకి బదులు నలభై ఆరు వచ్చిందనుకుందాం. పక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి, కానీ సైటు ఒక పక్కకు ఒరిగిందన్నమాట. వైశాల్యంలో పోయేది పదిహేను చదరపు అడుగులే. 'అంతేగా' అనిపిస్తుంది. అసలు దెబ్బ ఇంకోచోట ఉంది. నలభై అడుగుల పొడవులో సైటు ఆరడుగుల పైచిలుకు పక్కకు జరిగి ఉంటుంది. ముందు నుంచి వెనకదాకా నేరుగా గోడలు లేపాలంటే ముప్పై అడుగుల వెడల్పులో పనికొచ్చేది 23.6 అడుగులే. మిగతాది రెండు మూలల్లో ముక్కోణాలుగా మిగులుతుంది. తులసికోటకూ పాత సైకిలుకూ తప్ప దేనికీ రాదు.

పక్కలు హెచ్చుతగ్గులుగా ఉన్న స్థలాల్లో ఇంకో అలవాటుంది. ముందు వెడల్పూ వెనక వెడల్పూ కలిపి రెండుతో భాగించడం, అటు పొడవూ ఇటు పొడవూ కలిపి రెండుతో భాగించడం, ఆ రెంటినీ గుణించడం. చాలామంది లెక్కవేసేది ఇలాగే. చదరానికి దగ్గరగా ఉన్న స్థలమైతే పెద్ద తేడా రాదు. వంకర పెరిగేకొద్దీ మాత్రం ఈ లెక్క అసలు కన్నా ఎక్కువే చూపిస్తుంది, తక్కువ ఎన్నడూ చూపించదు. అంటే తప్పు ఎప్పుడూ అమ్మేవాళ్ల వైపే మొగ్గుతుంది. మూల నుంచి మూలకు గీత గీసి, స్థలాన్ని రెండు త్రికోణాలు చేసి, విడివిడిగా లెక్కించి కలపడమే సరైన పద్ధతి. ఎనిమిదో తొమ్మిదో తరగతి చదివే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లకు అప్పజెప్పండి. మూడు భుజాలు తెలిస్తే చాలు, చేసిపెడతారు.

చీర గజం వేరు, స్థలం గజం వేరు

ధర్మవరంలో గజమంటే తెలియనివాళ్లుండరు. పట్టుచీర ఊరది. పడుగు ఎన్ని గజాలు, చీరకెంత, రవికకెంత అన్నది మగ్గం మీద కూర్చున్నవాళ్లకు చేతి లెక్క. కానీ ఆ గజం పొడవు. మూడడుగులు. స్థలం గజం వైశాల్యం. మూడడుగులకు మూడడుగులు, తొమ్మిది. రెంటికీ పేరొకటే కావడంతో వంద గజాల స్థలమంటే మూడు వందల అడుగులని పొరపడ్డా ఆశ్చర్యం లేదు. అది తొమ్మిది వందల చదరపు అడుగులు.

నేత కుటుంబానికి ఇల్లు కొలిచే తీరు కూడా వేరు. మిగతావాళ్లు పడగ్గదులు లెక్కపెడితే వీళ్లు ముందు మగ్గం గుంత ఎక్కడ పడుతుందో చూస్తారు. మగ్గానికి చోటు కావాలి, పడుగు సాగడానికి పొడవు కావాలి, పక్కన మనిషి తిరగాలి, వెలుతురు రావాలి. అందుకే నేతగాళ్లకు చదరపు అడుగుల మొత్తం కన్నా గది లోపలి పొడవు ముఖ్యం. ఇక్కడే గోడ వచ్చి కూర్చుంటుంది.

ప్లానులో 'పదీ పన్నెండు గది' అని ఉంటుంది. ఎక్కణ్నుంచి ఎక్కడికి పది? గోడ బయటి నుంచి బయటికైతే, తొమ్మిది అంగుళాల గోడలు రెండు పక్కలా పోను లోపల మిగిలేది ఎనిమిదిన్నర అడుగులకు పదిన్నర అడుగులు. 120 చదరపు అడుగులనుకున్న గదిలో చేతికొచ్చేది 89. నాలుగో వంతు గోడ మింగేసింది! గోడ మధ్య నుంచి మధ్యకు కొలిస్తే 104 వస్తుంది. లోపలి నుంచి లోపలికి కొలిస్తేనే 120. ఆపైన పూత మందం పోతుంది. మేస్త్రీ ఏది చెబుతున్నాడో పునాది దగ్గరే అడగాలి. గోడ లేచాక అడిగితే "అప్పుడే చెప్పుంటే బాగుండేది కదక్కా" అంటాడు. అదీ నిజమే.

సెంటు అనే మాట ధర్మవరంలోనే కాదు, రాష్ట్రమంతా ఇంటింటా వినిపించింది 2020లో. ఆ ఏడాది డిసెంబరు 25న 'పేదలందరికీ ఇళ్లు' పథకంలో పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర చొప్పున పట్టాలివ్వడం మొదలుపెట్టారు. అందులో కట్టుకునే ఇంటికి 340 చదరపు అడుగులన్నారు. 435 చిల్లరలో అది పోను తొంభై అయిదు అడుగుల చోటు మిగులుతుంది. మెట్లు, గుమ్మం ముందు నీళ్ల తొట్టి, ఇంటి చుట్టూ గాలి... అన్నీ అందులోనే. సెంటు చాలదన్న వాదన అప్పట్లో గట్టిగానే నడిచింది. 2024లో ప్రభుత్వం మారాక పట్టణాల్లో రెండు సెంట్లు, పల్లెల్లో మూడు సెంట్లని ప్రకటించారు. రాజకీయాలు ఎలా ఉన్నా ఒకటి మాత్రం జరిగింది. సెంటంటే ఎంతో నేల మీద నిలబడి చూసుకున్న కుటుంబాలు లక్షల్లో తయారయ్యాయి.

1306 నుంచి 686కి

ఇందాకటి జంట దగ్గరికి మళ్లీ వద్దాం. మూడు సెంట్లని విన్నారు. అంటే 1306 చదరపు అడుగులు. కొలిస్తే 1200. ఇల్లు కట్టాలంటే నాలుగు వైపులా ఖాళీ వదలాలి. ఎంత వదలాలన్నది స్థలం సైజునూ రోడ్డు వెడల్పునూ బట్టి మునిసిపాలిటీ చెబుతుంది. ముందు అయిదడుగులు, మిగతా మూడు పక్కలా మూడేసి అడుగులని లెక్కకోసం అనుకుంటే, ఇల్లు పట్టేది 24 అడుగులకు 32 అడుగులు. 768 చదరపు అడుగులు. ఇంజినీరు ప్లింత్ ఏరియా అనేది దీన్నే. కట్టుబడి కాంట్రాక్టరు చదరపు అడుగుకు ఇంత అని డబ్బు తీసుకునేదీ చాలావరకు దీని మీదే. బయటి గోడలు తొమ్మిదేసి అంగుళాలు తీసేస్తే లోపల 686. ఇంకా గదుల మధ్య గోడలు ఉన్నాయి. మెట్లు లోపలే పెడితే అవీ ఉన్నాయి. మొదట విన్న అంకెలో సగం కాస్త పైన!

ఇందులో ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. ప్రతి మెట్టు దగ్గరా కొలిచేది మారింది. అంతే. కాకపోతే బ్యాంకు అప్పు 1306కి లెక్కవేసుకుని, సోఫా 686లో పెట్టుకోవాలి.

అపార్టుమెంట్లయితే ఇంకో మెట్టు ఎక్కువ. బెంగళూరు గాలికి హిందూపురంలోనూ ఫ్లాట్ల మాట వినిపిస్తోంది. అక్కడ సూపర్ బిల్టప్ ఏరియా అని ఒకటుంటుంది. లిఫ్టు, మెట్లు, నడవా, వాచ్‌మన్ గది... అందరివీ కలిపి తలా కొంత పంచి మీ ఫ్లాటులో వేసేస్తారు. 1200 చదరపు అడుగుల ఫ్లాటనుకోండి. అందరికీ ఉమ్మడి అని 240 కలిపారు. అవి తీస్తే బిల్టప్ 960. బయటి గోడలు, బాల్కనీ ఒక 140. తీస్తే 820. కాలు పెట్టగలిగేది, కప్పు కింద పడుకోగలిగేది అది. చదరపు అడుగు 3500 చొప్పున 42 లక్షలు కడితే, నిజానికి 820 అడుగుల్లో ఒక్కో అడుగుకూ పడింది 5100 పైనే.

ఈ తికమకకు చట్టం కొంత ముకుతాడు వేసింది. 2016లో వచ్చిన స్థిరాస్తి చట్టం, అందరూ రెరా అంటున్నది, కార్పెట్ ఏరియా అంటే ఏమిటో రాసిపెట్టింది. బయటి గోడలు, పైపులు వెళ్లే గొట్టాల చోటు, బాల్కనీ, పైన సొంత ఖాళీ మిద్దె... ఇవేవీ కలపకూడదు. లోపల గదుల మధ్య గోడలు మాత్రం కలపొచ్చు. చాప పరిచే చోటే లెక్క అని చెప్పుకోవచ్చు, లోపలి గోడల్ని మన్నిస్తే! 2017 మే నుంచి ఇది పూర్తిగా అమల్లోకి వచ్చింది. అయిదు వందల చదరపు మీటర్లు, అంటే పన్నెండు సెంట్ల పైచిలుకు దాటిన లేఅవుట్‌కైనా, ఎనిమిది ఫ్లాట్లు దాటిన భవనానికైనా అమ్మేముందు రెరా నంబరు ఉండాలి. ఆ నంబరు ప్రకటనలోనే కనిపించాలి. అమ్మకం ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో పది శాతం మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఒప్పందంలో కార్పెట్ ఏరియా అంకె ఎంతో, కట్టాక అది తగ్గితే డబ్బు వెనక్కి ఎలా ఇస్తారో రాశారా లేదా అన్నది కొనేవాళ్లు తప్పకుండా చదువుకోవాలి. నాలుగు సెంట్ల స్థలంలో నాలుగు పోర్షన్లు కట్టి అమ్మేవాళ్లకు ఇదేదీ వర్తించదు. అక్కడ మన టేపే మనకు దిక్కు.

హద్దుల మాట

దస్తావేజులో చివరికి వచ్చే 'షెడ్యూలు'ను చాలామంది చదవరు. మొదటి పేజీలో పేర్లు, మధ్యలో డబ్బు చూసి సంతకం పెట్టేస్తారు. అసలు కొన్నదంతా ఉండేది ఆ షెడ్యూల్లోనే. తూర్పున ఎవరి స్థలం, పడమరన ఏ వీధి, ఉత్తరాన, దక్షిణాన ఏమిటి అన్న చెక్కుబంది. దాని కింద కొలతలు. కొలతకూ హద్దులకూ పేచీ వస్తే కోర్టులు సాధారణంగా హద్దుల వైపే మొగ్గుతాయి. మూడు సెంట్లని కాగితంలో రాసి ఉన్నా, ఆ నాలుగు హద్దుల మధ్య నేల రెండుంముప్పావే ఉంటే మన చేతికొచ్చేది రెండుంముప్పావే. మిగతా పావు కోసం పక్కింటాయన గోడ బద్దలు కొట్టలేం కదా!

హద్దుగా 'ఖాళీ స్థలం' అని రాయించుకున్నవాళ్లు పదేళ్ల తర్వాత ఇబ్బంది పడతారు. ఖాళీ ఎవరిదో, ఎక్కడ మొదలవుతుందో ఏం తెలుస్తుంది? పక్క ప్లాటు నంబరు రాయించుకోవాలి. వీధి హద్దయితే దాని వెడల్పు కూడా రాయించుకోవాలి. ఇరవై అడుగుల వీధిలో ఒకాయన మెట్లు ముందుకు, ఇంకొకాయన మురుగుకాలువ మీదికి జరుపుకుంటూ పోతే పదిహేనడుగులే మిగిలిన చోట్లు ఏ పట్టణంలో లేవు?

పొలాన్ని చీల్చి అమ్మిన స్థలమైతే తల్లి సర్వే నంబరు చూడాలి. 2020 డిసెంబరులో రాష్ట్రంలో మొదలైన రీసర్వే జరిగిన గ్రామాల్లో పాత సర్వే నంబర్లకు బదులు ఎల్‌పీ నంబర్లు వచ్చాయి. పాత కాగితంలోని విస్తీర్ణానికీ కొత్తదానికీ తేడా వచ్చిందన్న ఫిర్యాదులూ చాలాచోట్ల వచ్చాయి. కొనేముందు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఒక ఎకరాను ముక్కలు చేసి అమ్మినవాళ్లు అన్ని ముక్కలూ కలిపితే నూటరెండు సెంట్లయ్యేలా రాసిన కాగితాలుంటే, చివర కొన్నవాళ్లకు రెండు సెంట్లు గాల్లో ఉన్నట్టే. అనుమానముంటే మీసేవలో రుసుము కట్టి సర్వేయరుతో హద్దులు కొలిపించుకోవచ్చు. దరఖాస్తులో దీన్ని ఎఫ్ లైన్ అంటారు. నోటీసు వెళ్లి, పక్కవాళ్లు వచ్చి, వాళ్ల ఎదుటే రాళ్లు పాతిస్తే ఆ తర్వాత మాట పడదు. కాస్త ఆలస్యమవుతుంది. అడ్వాన్సు ఇవ్వకముందే చేయించుకుంటే ఆ ఆలస్యం బరువనిపించదు.

టేపు విషయంలోనూ రెండు మాటలు. ముప్పై మీటర్ల టేపు హార్డువేర్ షాపుల్లో దొరుకుతుంది, పెద్ద ఖరీదేం కాదు. ఒక పక్క అడుగులూ ఇంకో పక్క మీటర్లూ ఉన్నది తీసుకోవాలి. కొన్నింటిలో సున్నా కొక్కెం చివరే ఉంటుంది, కొన్నింటిలో నాలుగంగుళాలు వదిలి మొదలవుతుంది. అది చూసుకోకపోతే ప్రతి పక్కనా నాలుగంగుళాలు తేడానే. నారటేపయితే ఎండకూ వాడకానికీ సాగుతుంది. నేల మీద ముళ్లపొదలు, రాళ్లు ఉంటే టేపు ఎగుడుదిగుడుగా పడి, ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. బిగించి, నేలకు సమంగా పట్టుకోవాలి. ముందు పొడవు, తర్వాత వెడల్పు, ఆఖరున మూల నుంచి మూలకు రెండుసార్లు. అక్కడికక్కడే కాగితం మీద బొమ్మ గీసి అంకెలు వేసుకోవాలి. ఇదంతా ఇరవై నిమిషాల పని, ఇద్దరు మనుషులు కావాలి.

టేపు రెండో కొస పట్టుకునే మనిషి సైటు చూపించడానికి వచ్చినాయన కాకుండా చూసుకుంటే చాలు.